బొమ్మ మసకబారలేదు

ముసునూరు,
6 జూలై 2025

చిరంజీవి సౌభాగ్యవతి శ్రీరమ్యకు, మీ నాన్న బోలెడన్ని ఆశీస్సులతో రాస్తున్నది.

ఇక్కడ మేం ముగ్గురం భేషుగ్గా ఉన్నాం. ముగ్గురం అని రాయడం నాకెంత సంబరంగా ఉందో నీకెలా చెప్పను! నీ పెళ్ళయినప్పటి నుంచీ ఈ ఇంటికి ఇద్దరమే. ఇప్పుడు మూడో మనిషి వచ్చి మా ఇద్దరి మీదా పెత్తనం చేస్తోంది. ఆవిడ లేస్తే మేం లేవాలి. ఆవిడ పడుకుంటే మేం గుసగుసలాడుకోవాలి. మీ అమ్మ సంగతి తెలిసిందేగా, ఆమె గుసగుస పక్క తోటలోకి వినపడుతుంది.

"రోజూ వీడియో కాల్ నావల్ల కావడం లేదు నాన్నా, కావాలంటే ఉత్తరం రాయి" అని నువ్వన్నప్పుడు మీ అమ్మ మొహం ముడుచుకుంది గానీ, నాకు మాత్రం మహదానందమైంది. ఫోన్లో సగం నా చెవికి ఎక్కదు, మిగతా సగం మీ అమ్మ లాక్కుంటుంది. ఉత్తరమైతే నా ఇష్టం. నిన్న పొద్దున్నే పోస్టాఫీసుకి వెళ్ళి కవర్లు అడిగాను. "ఈ రోజుల్లో ఉత్తరాలు ఎవరికండీ?" అంది అక్కడి అమ్మాయి. ఇంక నన్ను ఆపేదెవరు? మా అమ్మాయికి పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి ఆడపిల్ల పుట్టిందనీ, పేరు అన్విత అనీ, ఉంగరాల జుట్టనీ మొత్తం చెప్పాను. వెనకాల స్పీడ్ పోస్టు కోసం నిలబడ్డాయన, "బాబాయ్ గారూ, పిల్ల పెళ్ళికి కూడా ఇప్పుడే పిలిచేస్తారా ఏంటి?" అన్నాడు. "తప్పకుండా రండి, భోజనం చేసి వెళ్ళండి" అన్నాను.

అసలు సంగతికి వస్తాను. పురుటికి వచ్చిన పిల్లవి, అయిదో నెల దాకా ఉంటావనుకున్నాం. నిద్ర పట్టడం లేదనీ, ఏ పని మీదా మనసు నిలవడం లేదనీ అల్లుడు గారు నిన్ను విశాఖపట్నం తీసుకెళ్ళారు. నీ ఆరోగ్యం కుదుటపడేదాకా పాప మా దగ్గరే ఉంటుందన్నారు. నాకు రెండు విధాలా సంతోషమే. నువ్వు బాగుపడతావు, ఈవిడ నా దగ్గర ఉంటుంది. కానీ మెదడుకి ఏదో ట్రైనింగ్ ఇస్తున్నారనీ, తలకి వైర్లు పెడుతున్నారనీ అల్లుడు గారు ఫోన్లో అన్న దగ్గర్నుంచీ మీ అమ్మకి అన్నం సయించడం లేదు. కరెంటు పెడుతున్నారా అమ్మా? నొప్పిగా ఉంటుందా? వివరంగా రాయి.

మన మొక్కల నర్సరీలో మామిడి అంట్లు కట్టే పని మొదలైంది. పాల్ రాజు పొద్దున్నే వచ్చేస్తున్నాడు. పాపని అరుగు మీద ఉయ్యాల్లో పడుకోబెడితే, అంటు కడుతూ వాడు మధ్యమధ్యలో దానితో రాజకీయాలు మాట్లాడుతున్నాడు. అదీ జవాబు చెప్తోంది. నిన్న నా మీసం పట్టుకుంటే విడిపించుకోవడానికి ఇద్దరు మనుషులు కావాల్సొచ్చింది.

అల్లుడు గారికి నా నమస్కారాలు.

ఆనందంలో మునిగి ఉన్న మీ నాన్న


విశాఖపట్నం,
12 జూలై

నాన్నా,

నీ ఉత్తరం అందింది.

కరెంటు పెట్టరు. అమ్మకి చెప్పు. తలకి రెండు మూడు చోట్ల జిగురు లాంటిది రాసి చిన్న బిళ్ళలు అంటిస్తారు, చెవికి ఒక క్లిప్పు పెడతారు. ఆ వైర్ల గుండా లోపలికి ఏమీ రాదు. తలలో జరిగే దాన్ని అవి వింటాయి అంతే. ఎదురుగా టీవీలో ఏదో ఒక బొమ్మ వేస్తారు. మెదడు నెమ్మదిగా, అలజడి లేకుండా ఉంటే బొమ్మ వెలుగుగా ఉంటుంది. అలజడి మొదలైతే బొమ్మ మసకబారుతుంది, చప్పుడు తగ్గుతుంది. మళ్ళీ నెమ్మదిస్తే మళ్ళీ వెలుగు. అలా చూస్తూ చూస్తూ మెదడు తనంతట తనే నేర్చుకుంటుందట. కొందరికి పనికొస్తుంది, కొందరికి రాదు, మందులు మాత్రం మానకూడదు అని డాక్టరు గారు ముందే చెప్పారు.

అక్కడ లేయా అనే అమ్మాయి కూర్చోబెడుతుంది. మంచిదే. "గెలవాలని చూడకండి అక్కా, ఊరికే చూడండి" అంటుంది. నేను సముద్రం బొమ్మ పెట్టించుకుంటున్నాను. కెరటాలు వస్తాయి, పోతాయి. ఎవరికిష్టమైన వీడియో వాళ్ళు తెచ్చుకోవచ్చు. నాకు తెచ్చుకోవాలనిపించలేదు.

తల కడుక్కుంటే జిగురు ఒక పట్టాన పోదు. నిద్ర కొంచెం పడుతోంది. ఆయన ఆఫీసుకి వెళ్ళాక కిటికీ దగ్గర కూర్చుంటాను. ఎదురింటి వాళ్ళ బట్టలు ఆరుతుంటాయి.

ఉంటాను.
రమ్య


ముసునూరు,
17 జూలై

బంగారు తల్లికి,

నిద్ర పడుతోందని రాశావు చూడు, ఆ ముక్క దగ్గర ఆగి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చదివాను. అరుగు మీద అందరికీ చదివి వినిపించాను. పాల్ రాజుకి వైర్ల సంగతి చదివితే, "అయితే మైకు సెట్టు లాంటిదన్నమాట బాబూ. లోపలున్నది బయటికి వినపడద్ది. మా ఆవిడకి మాత్రం పెట్టించొద్దు, అసలే వినలేకపోతున్నా" అన్నాడు. మీ అమ్మ కూడా నవ్వింది. ఆ పూట కడుపునిండా అన్నం తింది.

తర్వాత మాత్రం వంటింట్లోంచి, "ఉత్తరం మొత్తం చదివావా? పిల్ల ఊసు ఒక్క ముక్కైనా ఉందా?" అంది. నీకు తల్లి మనసు తెలియదే అన్నాను మీ అమ్మతోనే! ఊసెత్తితే దుఃఖం ఆగదని ఎత్తలేదు అమ్మాయి, ఆ మాత్రం తెలీదా అన్నాను. మీ అమ్మ వెనక్కి తిరిగి పప్పు రుబ్బుకుంది.

అయితే నాకో బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. ఇష్టమైన వీడియో తెచ్చుకోవచ్చన్నావు కదా? సముద్రం ఎందుకమ్మా, సముద్రం ఎవరిది? నేనే స్వయంగా ఫోన్ పట్టుకుని తీశాను. మొదట కాసేపు నా బొటనవేలే కనిపిస్తుంది, ఓపిక పట్టు. తర్వాత మీ అమ్మ కాళ్ళ మీద వేసుకుని నూనె రాయడం, నీళ్ళు పోస్తుంటే ఈవిడ కళ్ళు చికిలించి నోరు తెరవడం, సాంబ్రాణి పొగలో తుమ్మడం, ఆఖర్న నా వైపు చూసి బోసినవ్వు. ఆ నవ్వు పన్నెండోసారి తీస్తే వచ్చింది! అల్లుడు గారి ఫోనుకి పంపించాను. లేయా అమ్మాయికి చెప్పి అది వేయించుకో. ఆ నవ్వు ముందు ఏ అలజడి నిలుస్తుందో చూద్దాం.

లేయాకి చిన్నరసాల తాండ్ర పార్శిల్ చేస్తున్నాను. ఈ సంవత్సరం తాండ్ర మీ అమ్మ చేతిలో అమృతంలా కుదిరింది.

కొండంత ఆశతో,
నాన్న


విశాఖపట్నం,
25 జూలై

నాన్నా,

తాండ్ర అందింది. లేయాకి ఇచ్చాను. సంతోషించింది.

వీడియో వేశారు. బొమ్మ మొదటి నుంచి చివరి దాకా వెలుగుతూనే ఉంది. ఒక్కసారి కూడా మసకబారలేదు. సముద్రం వేసినప్పుడు కూడా అంత బాగా రాలేదట. లేయా చప్పట్లు కొట్టింది. "చూశారా అక్కా, మీ పాప మహత్యం" అంది. మళ్ళీ వేద్దామా అంటే వద్దన్నాను.

ఇక్కడ వాన. అమ్మ నడుం నొప్పి ఎలా ఉంది?

రమ్య


ముసునూరు,
30 జూలై

నా తల్లీ, నా మహాలక్ష్మీ!

నీ ఉత్తరం చదివి నేను కూర్చోలేకపోయానంటే నమ్ము. మసకబారలేదు! మొదటి నుంచి చివరి దాకా! చెప్పానా లేదా? యంత్రానికి కూడా తెలిసిపోయింది తల్లీబిడ్డల సంగతి. నేను ఉత్తరం పట్టుకుని నర్సరీలోకి, అక్కడి నుంచి టీ కొట్టుకి, టీ కొట్టు నుంచి పోస్టాఫీసుకి కూడా వెళ్ళాను. ఆ అమ్మాయి "ఇంకా కవర్లు కావాలా?" అంటే "కవర్లు కాదమ్మా, కబురు!" అన్నాను. మీ అమ్మ ఒక్కతే మళ్ళీ మళ్ళీ ఆ ఉత్తరం తీసి చూసి, "మళ్ళీ వేద్దామంటే వద్దందిట" అంది. ఈవిడకి అనుమానాలెక్కువ. ఒక్కసారే చూసి దాచుకుందిలే, నీలా రోజూ చూడక్కర్లేదు అన్నాను.

మొన్న మైలవరం నుంచి మీ ఆడపడుచు పుష్పవతి, వాళ్ళాయనా వచ్చారు. నీ పిల్లని రెండు గంటలు ఒళ్ళోంచి దించలేదు ఆ పిల్ల. పాపం, పదిహేనేళ్ళ కాపురం, ఎన్ని ఆసుపత్రులు తిరిగిందో. కాఫీ చల్లారిపోయింది, అలాగే వదిలేసింది. "బాబాయ్ గారూ, ఈ దొరసానిని మాకిచ్చేయండి. బదులుగా మా ఎరువుల కొట్టు రాసిచ్చేస్తాం" అని నవ్వింది. "కొట్టేం సరిపోతుందమ్మా, మైలవరం మొత్తం రాసివ్వాలి" అన్నాను. ఒకటే నవ్వులు. వెళ్ళేటప్పుడు మాత్రం గేటు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చి పాప పాదాలు ముద్దు పెట్టుకుని వెళ్ళింది.

ఇంకెన్నాళ్ళు ట్రైనింగ్? శ్రావణం వెళ్ళకుండా వచ్చేయి. నువ్వు గుమ్మంలో అడుగుపెట్టే రోజున ఊరంతటికీ పులిహోర.

ఉబ్బితబ్బిబ్బవుతున్న
నాన్న


విశాఖపట్నం,
5 ఆగస్టు

నాన్నా,

నా ఉత్తరాలు అందరికీ చదివి వినిపిస్తున్నానన్నావు. ఇది వినిపించకు.

బొమ్మ మసకబారలేదంటే నువ్వనుకున్నది కాదు. ఆ యంత్రానికి ప్రేమ తెలియదు. అలజడి ఉందా లేదా అన్నది ఒక్కటే దానికి తెలుస్తుంది. నాలో అలజడి లేదు. ఏమీ లేదు. అమ్మ కాళ్ళ మీద పిల్ల ఉంది. నీళ్ళు పోస్తున్నారు. నవ్వింది. ఎవరింట్లోనో ఎవరి పిల్లకో పోస్తున్నట్టు చూశాను. ముద్దుగా ఉందని కళ్ళకి తెలుస్తోంది. ఇంకెక్కడా తెలియడం లేదు. లేయా చప్పట్లు కొడుతుంటే నేను కూడా నవ్వాను, బాగుండదని.

ఇది ఇప్పుడు వచ్చింది కాదు. ఆసుపత్రిలో చేతికిచ్చిన రోజు నుంచీ అంతే. నువ్వు వార్డులో అందరికీ లడ్డూలు పంచుతున్నావు. ఒక నర్సు నీతో ఫోటో కూడా దిగింది. నేను గోడ మీద క్యాలెండర్ చూస్తున్నాను. ఆ ప్రేమ రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది అనుకున్నాను. రాలేదు. రాత్రుళ్ళు మెలకువగా ఉన్నది దాని ఏడుపు వల్ల కాదు. రావడం లేదేంటా అని.

డాక్టరు గారికి మొన్న మొత్తం చెప్పాను. కాన్పయ్యాక కొందరికి వచ్చే జబ్బేనన్నారు, నా తప్పు కాదన్నారు, మందు మార్చారు, తగ్గుతుందన్నారు. తగ్గుతుందేమో. అంతదాకా ఆ పిల్ల ఎందుకు ఆగాలి?

వదిన కాఫీ చల్లారిపోయిందని రాశావు. నా కాఫీ ఎప్పుడూ చల్లారలేదు నాన్నా. వదిన మళ్ళీ అడిగితే ఇచ్చేయండి. నవ్వులాటకి అనడం లేదు. ఆయనతో ఇంకా చెప్పలేదు, చెప్తాను.

అమ్మకి కూడా చదవకు.

రమ్య


ముసునూరు,
12 ఆగస్టు

అమ్మాయి రమ్యకు,

నీ ఉత్తరం అందింది. ఎవరికీ వినిపించలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. కాలవ పక్క మడి నిండిపోయి రెండు వరసల మొక్కలు మునిగితే, పాల్ రాజూ నేనూ గట్టు తెగ్గొట్టి నీళ్ళు వదిలాం. అంట్లు దాదాపు కట్టడం అయిపోయింది. ఈసారి రసాలే ఎక్కువ కట్టించాను. బంగినపల్లికి గిరాకీ ఉంటుందని అందరూ అదే కడుతున్నారు, అందుకని.

మొన్న నర్సరీలో పెద్ద రగడ. ఉంగుటూరు నుంచి ఒక పెద్దమనిషి మొక్కలకి వచ్చాడు. మనం చూడకుండా రెండు మూడు అంట్ల కట్టు విప్పి లోపల పట్టిందా లేదా అని చూస్తున్నాడు. పాల్ రాజు చూశాడు. ఇంక చూడు! "ఏవండీ, అంటు పట్టిందో లేదో విప్పి చూస్తే తెలుస్తుందా? గాలి తగిలిందంటే పట్టేది కూడా ఎండిపోద్ది! నీళ్ళు పోసి, నీడన పెట్టి, దాని జోలికి పోకుండా ఊరుకోవాలి. చిగురేసినప్పుడు అదే చెప్పుద్ది" అని కేకలు. ఆయన "డబ్బిచ్చి కొనేవాణ్ణి, చూసుకోవద్దా?" అంటాడు. చివరికి నేను వెళ్ళి టీ తాగించి పంపాను. కానీ పాల్ రాజు అన్నది నిజం. ఎన్ని వేల మొక్కలు కట్టుంటాను, విప్పి చూసిన ఒక్కటీ బతకలేదు.

మందులు టైముకి వేసుకో. రాత్రిపూట పెరుగన్నం తిను. నువ్వు బాగుంటావు, నాకు ఏ సందేహమూ లేదు.

నాన్న


విశాఖపట్నం,
17 ఆగస్టు

నాన్నా,

నీ ఉత్తరం చదివాను. వెనకవైపు కూడా చూశాను.

మందు మార్చాక నోరు ఎండిపోతోంది. నిద్ర పడుతోంది. నిద్ర వరకు ట్రైనింగ్ కూడా పనిచేస్తున్నట్టే ఉంది అంటున్నారు. లేచాక మాత్రం ఎలా ఉండేదో అలాగే ఉంది. సముద్రం బొమ్మ విసుగొచ్చి మార్చమన్నాను. ఇప్పుడు కొండల మీద మేకలు.

ఇంట్లో అందరూ బాగున్నారా?

రమ్య


ముసునూరు,
22 ఆగస్టు

అమ్మాయి రమ్యకు,

విసుగు వచ్చిందన్నావే, ఆ ముక్క నాకెంత నచ్చిందో! విసుగు రావడం మంచిదమ్మా. మొన్నటి దాకా అదీ లేదు కదా. మేకలు బాగానే ఉంటాయి, చూడు.

మేమందరం బాగున్నాం, నువ్వేం దిగులు పెట్టుకోకు. మీ అమ్మకి వారం కింద జ్వరం వచ్చి కీళ్ళన్నీ పట్టేశాయి. నూజివీడు తీసుకెళ్ళి చూపించాను. ఇప్పుడు లేచి తిరుగుతోంది గానీ, వేళ్ళు ఇంకా మడత పడటం లేదు. నేనే వంట చేస్తున్నాను. నా చారు తాగి మీ అమ్మ "దీన్ని మొక్కలకి పోస్తే పురుగు చస్తుంది" అంది. అంటే ఆరోగ్యం వచ్చేసినట్టే! ఇల్లు కూడా నిశ్శబ్దంగా ఉంది కాబట్టి పగలంతా పడుకోగలుగుతోంది.

పాల్ రాజు నిన్ను అడిగానని రాయమన్నాడు.

నాన్న


విశాఖపట్నం,
27 ఆగస్టు

నాన్నా,

ఇల్లు ఎందుకు నిశ్శబ్దంగా ఉంది?

ఆ ముక్క చదివి అర్థం కాలేదు. మళ్ళీ చదివాను. నాలుగు నెలల పిల్ల ఉన్న ఇల్లు నిశ్శబ్దంగా ఎలా ఉంటుంది? ఆయన్ని అడిగాను. నేల చూపులు చూశారు. తర్వాత ఫోన్ తీసి చూపించారు. వదిన పంపిన ఫోటో. కొత్త ఉయ్యాల. చేతులకి నల్లగాజులు. బుగ్గన చుక్క. కింద వదిన "అమ్మ ఒళ్ళో అల్లరి" అని రాసింది.

అమ్మ ఎవరు?

ఇచ్చేయమన్నది నేనే. కాదనను. ఎవరినడిగి ఇచ్చావని అడగడానికి నాకు నోరు లేదు. అయినా అడుగుతున్నాను. ఎవరినడిగి పంపావు? రెండు ఉత్తరాలు రాశావు. వానలు రాశావు, చారు రాశావు, ఉంగుటూరు వాడి గొడవ రాశావు. దాని గురించి ఒక్క ముక్క రాయలేదే! జబ్బు చేసిందేమో అనుకున్నాను. అంతకన్నా పెద్దదేదో జరిగిందేమో అని కూడా అనుకున్నాను. ఉత్తరం వచ్చినప్పుడల్లా ముందు దాని పేరు ఎక్కడుందా అని వెతికి, తర్వాత చదవడం నాకు ఎప్పుడు అలవాటైందో నాకే తెలియదు.

నిన్న క్లినిక్‌లో మేకలు ఒక్క నిమిషం కూడా నిలవలేదు. వెలగడం, ఆరిపోవడం. "ఈ రోజుకి వదిలేద్దాం అక్కా, మీ మనసు ఇక్కడ లేదు" అంది లేయా.

ఇది ప్రేమేమో అని పొంగిపోకు. కాదు. నాకు తెలుసు. కోపం అంతే.

జవాబు వెంటనే రాయి.

రమ్య


ముసునూరు,
31 ఆగస్టు

నా తల్లీ,

తిట్టావమ్మా! నన్ను తిట్టావు! నీ చిన్నప్పుడు నీ సైకిలు అమ్మేసినప్పుడు తిట్టావే, అలా తిట్టావు. పోస్టుమాన్ ఎదురుగానే కవరు చింపి చదివి, ఆయన చేతులు పట్టుకుని ఊపేశాను. ఆయన "ఏదో శుభవార్తలా ఉందే బాబాయ్ గారూ" అన్నాడు. "మా అమ్మాయి నా మీద మండిపడుతోందండీ!" అన్నాను. నన్ను అదోలా చూసి సైకిలెక్కాడు. పొంగిపోవద్దన్నావు. సరే, పొంగను. కానీ ఈ వయసులో ఆ అలవాటు పోదు, కాస్త ఓర్చుకో.

ఇప్పుడు జరిగింది చెప్తాను. నేను చేసిన పొరపాటు కూడా చెప్తాను.

ఎవరికీ వినిపించొద్దన్న నీ ఉత్తరం వచ్చాక నేను మూడు రోజులు మొక్కల మధ్యే తిరిగాను. ఇన్నాళ్ళూ ప్రతి ఉత్తరంలో పాపని నీ మొహం మీదకి తోస్తున్నానే, అంటు పట్టిందా, పట్టిందా అని కట్టు విప్పి చూస్తున్నానే అనిపించింది. అందుకని ఇంక దాని ఊసెత్తకూడదు, నీడన వదిలేయాలి అనుకున్నాను. నాకు తెలిసిన వైద్యం అదొక్కటే. నువ్వు వెతుక్కుంటావని నాకు తట్టలేదమ్మా.

ఆ తర్వాత మీ అమ్మ మంచాన పడింది. నాకు డబ్బా పాలు కలపడం రాదు, కలిపితే ఉండలు కట్టేవి. పుష్పవతికి ఫోన్ చేశాను. గంటన్నరలో కారేసుకుని వచ్చింది. జ్వరం తగ్గేదాకా అనే పంపాను. కానీ కారెక్కుతూ ఆ పిల్ల, "బాబాయ్ గారూ, రమ్య ఏమంటుందో" అంది. మొహమాటానికో, ఆ పిల్ల మొహం చూసో, "రమ్య కూడా నీ దగ్గరుంటే మంచిదనే రాసిందమ్మా" అన్నాను. అదీ నా పొరపాటు. ఏదో మర్యాదకి అన్నాను, ఆ పిల్ల దాన్ని మాటిచ్చినట్టే తీసుకుంది.

నువ్వు తిట్టిన ఉత్తరం అందిన రోజే మైలవరం వెళ్ళాను, పాపని తీసుకొద్దామని. పుష్పవతి నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. పాపని ఇవ్వలేదు. "మీ జేబులో ఉత్తరం మారినప్పుడల్లా పిల్ల ఇల్లు మారాలా బాబాయ్ గారూ? రేపు రమ్యకి మళ్ళీ మనసు మారితే? నా సంగతి వదిలేయండి, నాకు అలవాటే. ఇది బంతి కాదు కదా" అంది. గట్టిగా కూడా అనలేదు. నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాను. "రమ్యనే రమ్మనండి. కావాలని తన నోటితో నాతో చెప్పమనండి. లేకపోతే ఇది ఇక్కడే ఉంటుంది. మా తమ్ముడితో కూడా అదే చెప్తాను" అంది. నేను ఖాళీ చేతులతో బస్సెక్కాను.

పుష్పవతిని తప్పు పట్టకు. పాపని కడిగిన ముత్యంలా ఉంచింది.

ఇక నేను చేయగలిగిందేమీ లేదమ్మా. నీకు కావాలంటే నువ్వే వెళ్ళాలి. వద్దంటే అదీ నువ్వే చెప్పాలి. నువ్వేం చెప్పినా నేను నీ నాన్ననే.

నాన్న


మైలవరం,
9 సెప్టెంబరు

నాన్నా,

ఫోన్ చేయొచ్చు. కానీ నీతో ఉత్తరంలోనే చెప్పగలుగుతున్నాను.

శనివారం వచ్చాను. డాక్టరు గారికి చెప్పే వచ్చాను. మందులు తెచ్చుకున్నాను. ట్రైనింగ్ మాత్రం మధ్యలో ఆపేశాను, తర్వాత చూద్దామన్నారు. ఆయనకి అంతా చెప్పాను, ఆయన వదినకి ఫోన్లో చెప్పారు. ఆయన బస్టాండు దాకా వచ్చారు. తనూ వస్తానంటే వద్దన్నాను.

వదిన గుమ్మంలో నిలబడి ఉంది. లోపలికి రమ్మనలేదు, వద్దనీ అనలేదు. నేను చెప్పులు విప్పాను. తను సూటిగానే అడిగింది.

"ప్రేమ పుట్టిందా?"

దారంతా ఆ ప్రశ్న వస్తుందనే అనుకున్నాను. పుట్టిందని చెప్పాలని బస్సులో అనుకున్నాను కూడా.

"లేదు వదినా" అన్నాను.

"మరెందుకొచ్చావు?"

"పుట్టేదాకా దాని దగ్గరే ఉందామని."

"పుట్టకపోతే?"

"అప్పుడూ ఉంటాను."

వదిన గోడకి ఆనుకుని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. ఆవిడ భుజం మీద చెయ్యి వేయాలని తెలుసు, వేశాను. "అబద్ధం చెప్తే పిల్లని ఇచ్చేదాన్ని కాదు" అంది. ముక్కు తుడుచుకుని, "ఎండలో పడొచ్చావు, ముందు కాళ్ళు కడుక్కో" అంది.

పాపని నా చేతుల్లో పెట్టింది. అది నన్ను చూసింది, వదిన్ని చూసింది, ఒకటే ఏడుపు. వదిన వైపు చేతులు చాచింది. నా జుట్టు పీకింది. "తీసుకోనా?" అంది వదిన. వద్దన్నాను. వదిన పెరట్లోకి వెళ్ళి బట్టలు ఉతుక్కుంది. ఉతికినవే మళ్ళీ ఉతికిందనుకుంటా.

పిల్ల అలా ఏడుస్తుంటే తల్లికి ఏదో అవుతుందంటారు. నాకు అవలేదు నాన్నా. బరువుగా ఉంది, వేడిగా ఉంది, చెవి దగ్గర కేకలు. అంతే. హాల్లోంచి వరండాలోకి, వరండాలోంచి హాల్లోకి తిరిగాను. సాయంత్రానికి అలిసిపోయి నిద్రపోయింది.

మూడు రోజులుగా ఇంతే. పాలు నేనే కలుపుతున్నాను. ఉండలు కట్టకుండా ఎలాగో వదిన చూపించింది. నిన్న నా చేత్తో పోస్తే సగం తాగింది. సంతోషం వేసిందా అని నన్ను నేను అడిగాను. సీసాలో ఎంత మిగిలిందో చూశాను, కడిగాను.

ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉంటాను. ఒక్కసారిగా వదిన దగ్గర్నుంచి తీసుకొచ్చేయడం దానికి మంచిది కాదు, వదినకీ మంచిది కాదు. తర్వాత ముగ్గురం అక్కడికి వస్తాం. వదిన్ని కూడా రమ్మన్నాను. "నాకెందుకులే" అంది గానీ, అమ్మకి తెచ్చే చీర రంగు అడిగింది. వచ్చేటప్పుడు పులిహోరలూ అవీ పెట్టించకు. పోస్టాఫీసులో చెప్పకు. మామూలుగా తలుపు తీసి ఉంచు చాలు.

ఇంకా రాయాల్సింది ఉంది. పాప లేచింది. ఏడుస్తోంది. వదిన వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, గుమ్మం దగ్గర ఆగిపోయి నా వైపు చూస్తోంది.

ఉంటాను.
రమ్య